ఎదురు ప్రార్థన

మా ఇంట్లో పోట్లాటలన్నీ కళ్ళు మూసుకునే జరిగేవి.

తొంభైల్లో గుడ్లవల్లేరులో నాయనమ్మ, మేము, బాబాయి వాళ్ళు ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకు తిన్న రోజులవి. భోజనాల దగ్గర కోడళ్ళు నోరెత్తకూడదు. అత్తగారి మాటకు ఎదురు చెప్పకూడదు. కానీ రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉండేది. చాప మీద కూర్చుని ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థించాలి. ప్రార్థన చేస్తున్న మనిషికి మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు. ఈ నియమం నాయనమ్మ పెట్టిందే. అన్నిట్లో అంత తెలివైన మనిషి, ఇక్కడ మాత్రం పప్పులో కాలేసింది.

అమ్మ బందరులో ఆసుపత్రి నర్సు. పొద్దున్నే బస్సెక్కి పెడన మీదుగా వెళ్ళి, చీకటి పడుతుండగా వచ్చేది. వచ్చీ రాగానే వంటింట్లో దూరేది. అత్తగారిని పైకి ఒక్క మాట అనేది కాదు. చాప మీద కూర్చున్నాక మాత్రం, "పరిశుద్ధుడవైన తండ్రీ, పగలంతా రోగులకు సేవ చేసి వచ్చిన నీ దాసురాలికి అంట్లు తోము బలమును కూడా దయచేయుము" అనేది. నాయనమ్మ వెంటనే అందుకునేది. "ప్రభువా, ఐదుగురు పిల్లలను కని, ఊడ్పులకు పోయి, అంట్లు కూడా తోముకొనిన నీ ముసలి దాసురాలిని జ్ఞాపకము చేసుకొనుము." మామూలుగా "ఏంటే నీ పొగరు" అనే మనిషి, దేవుడి దగ్గరికొచ్చేసరికి గ్రాంథికంలో తిట్టేది.

వాళ్ళిద్దరి మధ్యా కూర్చున్న నాన్న ప్రార్థన ఎప్పుడూ ఒకటే. వానలు, పంటలు, ప్రపంచ శాంతి. ఇంట్లో శాంతి గురించి అడిగే ధైర్యం ఆయనకు ఏనాడూ లేదు. ఆ విషయంలో నాకిప్పటికీ నాన్న మీద కోపమే.

ఒకరోజు అమ్మ ప్రార్థనలోకి అద్దె ఇల్లు వచ్చింది. "తండ్రీ, ఆసుపత్రి పక్క వీధిలో రెండు గదుల వాటా ఖాళీ అయినదని నీకు తెలియును." దేవుడికి తెలుసేమో గానీ మాకెవరికీ తెలీదు, నాన్నతో సహా. వేరు కాపురం అనే మాట మా ఇంట్లో బూతుమాటతో సమానం. ఆ సాయంత్రం నాయనమ్మ ఎంతకీ ఆమేన్ అనలేదు. సొంత ఇల్లుండగా అద్దె ఇళ్ళ మీదికి పోవు మనసులను తిప్పుమని మొదలుపెట్టి, వాటా ఇళ్ళలో నీళ్ళ కరువు దగ్గర్నుంచి బందరు దోమల దాకా దేవుడికి వివరించింది. అన్నం చల్లారిపోయింది.

రోజూ ఇదే వరస. ఆ వాటా ఇంకెవరికైనా ఇచ్చేస్తారేమోనని అమ్మ బెంగ. పెద్ద కోడలు వేరుపడితే ఊళ్ళో తలెత్తుకోలేనని నాయనమ్మ బెంగ. చివరికి తేల్చింది పిన్ని. ఏనాడూ ఆమేన్ తప్ప ఇంకో మాట అనని పిన్ని, ఒక సాయంత్రం గొంతు సవరించుకుని, "ప్రభువా, అక్క కాపురము బందరులో చల్లగా ఉండునట్లు చేయుము. వారు ఖాళీ చేయు ముందు గదిని మాకు అనుగ్రహించుము" అనేసింది.

ఆ ప్రార్థన మధ్యలోనే నాయనమ్మ కళ్ళు తెరిచి చూసింది. నాకెలా తెలుసంటే, నేనెప్పుడూ మూసుకోలేదు. పిన్ని ముఖంలో మాత్రం భక్తి తప్ప ఇంకేమీ లేదు.

కోడళ్ళిద్దరూ ఒక్కటే కోరిక కోరాక దేవుడు మాత్రం ఏం చేస్తాడు? వారం తిరక్కుండా మా సామాను ట్రాక్టరెక్కింది. నాయనమ్మ బయటికి రాలేదు. "ఆ ఇంటి గడప తొక్కను" అని బాబాయి చేత చెప్పించింది.

బందరులో ముగ్గురమే చాప మీద కూర్చున్నాం. అమ్మ అలవాటు చొప్పున, "తండ్రీ, తడి తువ్వాలు మంచం మీద వేయువారి హృదయమును మార్చుము" అంది. నాన్న కళ్ళు తెరిచి, "ఇక్కడే ఉన్నాగా, నాతోనే చెప్పొచ్చుగా" అన్నాడు. నిజమే, ముగ్గురున్న ఇంట్లో దేవుడి ద్వారా కబురంపడం ఎందుకు? మా ప్రార్థన రోజురోజుకీ పొట్టిదైపోయింది. అమ్మకు సుఖంగానే ఉండేది. కానీ గుడ్లవల్లేరు వాళ్ళెవరు కనిపించినా, "అత్తయ్య ఏమన్నా అన్నారా?" అని అడిగేది. తిట్టినా సరే, ఏదో ఒకటి అని ఉండాలని ఆవిడ ఆశ. ఏమీ అనలేదని తెలిస్తే ఆ పూట సరిగ్గా తినేది కాదు.

కొన్ని నెలలకు నాయనమ్మ వచ్చింది. కంటి డాక్టరుకు చూపించుకోవడానికట. గడప తొక్కనన్న మాట నిలబెట్టుకుంటూ, జాగ్రత్తగా దాటి లోపలికొచ్చింది. అమ్మతో మాత్రం మాట్లాడలేదు.

సాయంత్రం చాప పరిచాం. దోమల సంగతి ముందే మనవి చేశానని నాయనమ్మ దేవుడికి గుర్తుచేసింది. తర్వాత ఆవిడ గొంతు మారింది. "తండ్రీ, అక్కడ ఇప్పుడు నేనొక్కదానినే ప్రార్థించుచున్నాను. గది చేతికొచ్చినది మొదలు చిన్న కోడలు ఆమేన్ అని లేచి వెళ్ళుచున్నది. నాకు బదులు చెప్పు మనిషి లేదు తండ్రీ."

అమ్మకు ఏడుపు ఆగలేదు. నియమం మర్చిపోయిందో, గుర్తుండే చేసిందో, నాయనమ్మ ముఖంలోకి చూస్తూ మామూలు తెలుగులో, "అత్తయ్యా, కొన్నాళ్ళు ఇక్కడే ఉండండి" అంది.

నాయనమ్మ కళ్ళు తెరవలేదు. చెయ్యి చాచి, తడుముకుని, అమ్మ చెయ్యి పట్టుకుంది.

"విన్నావు కదా తండ్రీ, నా కోడలు నన్ను ఉండమన్నది" అంది. "ఆమేన్."