అవ్వకిచ్చిన అగ్గిపెట్టె

"ఇంకొంచెం లేపు, ఇంకొంచెం" అని అటక మీద నుంచి నేను అరుస్తున్నాను. కింద మా ఆయన బియ్యం బస్తాను భుజంతో ఎత్తి పట్టుకుని మూలుగుతున్నాడు.

"ఏందే, గిదంతా వానకాలానికా, పెండ్లికా?"

"నువ్వుంటే పెండ్లికే. ఉండవు గదా, అందుకే వానకాలానికి."

ఆయన బస్తాను ఒక్క ఊపున పైకి తోశాడు. తెల్లారి బయలుదేరి పోవాలి మరి.

మాది చర్ల దాటాక అడవి అంచున ఒక చిన్న ఊరు. ఊరికీ రోడ్డుకీ మధ్యన వాగు. అది పొంగిందంటే ఆటో రాదు, గ్యాస్ బండి రాదు, కరెంటు పోతే లైన్‌మన్ రాడు, ఫోనులో సిగ్నలు కూడా పోతుంది. మా ఆయన అశ్వారావుపేట దగ్గర పామాయిల్ గెలలు మోసే ట్రాక్టర్ నడుపుతాడు. గెలలు ఎక్కువగా దిగేది వానల్లోనే. నాకు మనిషి కావాల్సిన నెలల్లోనే మనిషి ఇంట్లో ఉండడు. ఉండేది నేనూ, మా మూడేళ్ల పాప. వాగు అడ్డం పడి ఉన్నప్పుడు పాపకేమన్నా అయితే ఎట్లా? నా భయమంతా అదే.

ఆ భయంతోనే అన్నీ కూర్చుకున్నాను. బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు. జ్వరం మందు, ఓఆర్ఎస్ పొట్లాలు, థర్మామీటరు. కొవ్వొత్తులు, టార్చిలైటు, నిండు సిలిండరు ఒకటి అదనంగా. అగ్గిపెట్టెలనైతే చెమ్మ తగలకుండా స్టీలు డబ్బాలో వేసి, ఆ డబ్బాను బియ్యంలో పూడ్చిపెట్టాను.

సామానంతా ఆటోలోంచి దించుతున్నప్పుడు ఎదురింటి అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"దుకాణం పెడ్తున్నవా, పిల్లా?"

"అవ్, అవ్వా. నీకు మాత్రం ఉద్దెర ఇయ్య."

"ఉద్దెర ఇయ్యని దుకాణం నాకెందుకే!" అని నవ్వుకుంటూ పోయింది.

నేను పుట్టి పెరిగింది ఇల్లందులో, బొగ్గుబాయి క్వార్టర్లలో. అక్కడ ఇంటికీ ఇంటికీ మధ్య ఒకే గోడ. మా అమ్మ పోపు వేస్తే పక్కింటి ఆమె గోడ అవతలి నుంచే "ఇంగువ ఎక్కువైంది" అనేది. మాట్లాడ్డానికి గడప కూడా దాటనక్కర్లేదు. ఇక్కడ ఇళ్లు దూరం దూరం. ఆడవాళ్లు తమలో తాము కోయ మాట్లాడుకుంటారు. నేను కనిపిస్తే తెలుగులోకి మారతారు, కానీ ఆ తెలుగు రెండు మాటలకే అయిపోతుంది. అవ్వ ఒక్కతే నాతో కాస్త ఎక్కువ మాట్లాడేది.

మొదటి ముసురు పట్టిన వారంలో అవ్వ పగిలిన కుండ పెంకు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "పొయ్యిల నిప్పు ఉన్నదా, బిడ్డా?" ఆ ఊళ్లో అది మామూలే. వానల్లో గ్యాసు అయిపోయి అందరూ కట్టెల పొయ్యికి వస్తారు. ఎవరింట్లో పొద్దున ముందు పొయ్యి రాజుకుంటే మిగతావాళ్లు పెంకు పట్టుకుని అక్కడికి పోతారు.

నాది గ్యాసు పొయ్యి, నిప్పెక్కడిది? గబగబా బియ్యంలో చెయ్యి పెట్టి, డబ్బా తీసి, కొత్త అగ్గిపెట్టె అవ్వ చేతిలో పెట్టాను.

"ఇది ఉంచుకో అవ్వా. మల్ల మల్ల తిరిగే బాధ ఉండదు."

అవ్వ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. "నీకేం బిడ్డా, అన్నీ ఉన్నయి" అంది. వెళ్లిపోయింది. నేను మంచిపనే చేశాననుకున్నాను. మళ్లీ మళ్లీ తిరిగే బాధ నిజంగానే తీరింది. అవ్వ మళ్లీ రాలేదు.

వాగు పొంగింది. ఫోను మూగబోయింది. నేను పాపతో మాట్లాడాను, కోడితో మాట్లాడాను, చివరికి పప్పు ఉడకట్లేదని కుక్కర్‌ని తిట్టాను. ఆదివారం చర్చికి పోవాలన్నా వాగు దాటాలి. ఇంట్లోనే పాట పాడుకుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పుడే ఒకరోజు పొద్దున పాప ఒళ్లు కాలిపోతూ లేచింది. థర్మామీటరు పెట్టాను, మందు తాగించాను, తడిబట్టతో తుడిచాను, ఓఆర్ఎస్ చెంచాతో పోశాను. ఏదీ వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. సాయంత్రానికి జ్వరం దిగి, పాప బిస్కెట్ అడిగింది. నేను అనుకున్నవన్నీ అనుకున్నట్టే పనిచేశాయి. కానీ ఎవరికైనా చెప్పాలి. పాపకు జ్వరం వచ్చిందనీ, తగ్గిందనీ, నాకు భయమేసిందనీ ఎవరికో ఒకరికి చెప్పాలి.

పాపను చంకనేసుకుని అరుగు మీదికి వచ్చాను. అవ్వ వసారాలో ముగ్గురు ఆడవాళ్లు పొయ్యి చుట్టూ కూర్చుని మక్కకంకులు కాలుస్తున్నారు. ఒకామె పక్కన పెంకు ఉంది. నిప్పు కోసం వచ్చింది కాబోలు, లేచే ఊసే లేదు. ఏదో అనుకుని గొల్లున నవ్వారు. నన్ను చూసి అవ్వ గొంతెత్తింది.

"ఏమన్న గావాల్నా, బిడ్డా?"

"ఏం వద్దవ్వా. అన్నీ ఉన్నయి."

ఆ మాట నా నోట్లోంచి అంత జల్దీ ఎట్లా వచ్చిందో! లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. అవ్వకు అగ్గిపెట్టె ఇచ్చి నేను ఏ దారి మూసుకున్నానో అప్పుడర్థమైంది. ఆ ఊళ్లో ఒక గడప నుంచి ఇంకో గడపకు మనిషిని నడిపించేది లేమి. నేనేమో లేమి లేకుండా చూసుకున్నాను.

తెల్లారి వాన తెరిపిచ్చింది. పెరట్లో పగిలిన కుండ ఉంటే ఒక పెంకు ఏరి కడిగాను. పాపను ఎత్తుకుని అవ్వ వసారాలో నిలబడ్డాను.

"అవ్వా, జరంత నిప్పు ఇస్తవా?"

అవ్వ పెంకు వైపు చూసింది, మా ఇంటి వైపు చూసింది. "నీ అగ్గిపెట్టెలు అన్నీ ఒడిసినయా ఏంది?"

"లేదవ్వా. ఉన్నయి."

అవ్వ కాలితో పీట నా వైపు జరిపింది. "కూసో మరి" అని పెంకులో నాలుగు నిప్పులు వేసింది. కూర్చున్నాను. పాప జ్వరం సంగతి మొదటి నుంచి చెప్పాను. నేను లేచేసరికి పెంకులో బూడిదే మిగిలింది. మళ్లీ అడిగి వేయించుకున్నాను.