పుట్టీ సైన్యం

అతను కార్లకు రంగులేసేవాడు. గల్ఫ్‌లో, అల్ రాయ్ అనే చోట ఒక గ్యారేజీలో పని. రాయచోటి మనిషి, నాకంటే బాగా పెద్దవాడు. నేను అదే వీధిలో విడిభాగాల గోడౌన్‌లో స్టోర్ కీపర్‌ని. మహబూలాలో ఒకే ఫ్లాట్‌లో, ప్లైవుడ్ చెక్కలతో అడ్డం కట్టిన ఒకే గదిలో ఉండేవాళ్లం. కింది మంచం అతనిది, పై మంచం నాది. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. అతను నన్ను అప్పా అనేవాడు, కడప వైపు అందరూ అందరినీ అన్నట్టే.

మా ఇద్దరినీ దగ్గర చేసింది ఒక పాత పుస్తకం. అహ్మదిలో కంపెనీ ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక తెల్లాయన సామాను మా గోడౌన్ బండిలో ఎక్కించడానికి వెళ్లాను. ఆయన అక్కర్లేనివన్నీ ఒక మూలకు నెడుతున్నాడు. అందులో అట్ట చిరిగిన ఒక పుస్తకం, రేకు డబ్బాలో కొన్ని పాచికలు ఉన్నాయి. ఏమిటని అడిగితే, బల్ల మీద యుద్ధం ఆడే ఆట అన్నాడు. ఇది పాత ఎడిషన్, ఆ తర్వాత కొత్తవి చాలా వచ్చాయి, దీన్ని ఇప్పుడు ఎవరూ ఆడరు, కావాలంటే తీసుకో అన్నాడు. తీసుకున్నాను.

చదరంగంలోలా అందులో గళ్లు ఉండవు. సైనికుల్ని టేపుతో కొలిచి జరపాలి. బాణం తగిలిందా లేదా, కత్తి దిగిందా లేదా పాచికలు వేసి తేల్చాలి. పై మంచం మీద పడుకుని వారమంతా చదివాను. సగం అర్థమైంది. ఆ సగమే అన్నకు చెప్పాను.

"అయితే సైన్యం కావాల గదప్పా" అన్నాడు.

"కొట్లో కొనాలంటే మన వల్ల కాదులేన్నా."

"కొనేదెందుకు? పుట్టీ లేదా?"

కారుకు సొట్ట పడితే నింపే పుట్టీ అది. అందులో హార్డనర్ కలిపితే కాసేపట్లో రాయిలా గట్టిపడుతుంది. మరుసటి శుక్రవారం గ్యారేజీ నుంచి మిగిలిన పుట్టీ కొంచెం, పాత వైరింగ్ లోంచి లాగిన రాగితీగ కొంచెం తెచ్చాడు. తీగను మనిషిలా వంచి, దాని చుట్టూ పుట్టీ అద్ది, బ్లేడుతో చెక్కాడు. అది గట్టిపడేలోపే మొహం, చేతులు, బల్లెం అన్నీ రావాలి. మొదటిది కోతిలా వచ్చింది. రెండోది మనిషే. ఒక వాషర్ మీద నిలబెట్టి నా అరచేతిలో పెట్టాడు.

అతని సైన్యానికి కార్ల రంగులే. షేకుల జీపులకు వేసే ముత్యపు తెలుపు, పడుచువాళ్ల కార్లకు వేసే ఎరుపు. ప్రతి సైనికుడికీ తెలిసినవాళ్ల మొహం పెట్టేవాడు. గ్యారేజీ ముదీర్‌ను, అంటే మేనేజరును, పొట్టతో సహా చేసి సేనాపతి అన్నాడు. నా చేతుల్లో అంత పనితనం లేదు. నేను గోడౌన్‌లో పనికిరాని బోల్టులకు నట్లు బిగించి, తలల మీద రంగు చుక్క పెట్టి సైనికులన్నాను. కారు అద్దాలు వచ్చిన అట్టపెట్టెలు కోసి నేల చేశాం, థర్మాకోలు గుట్టలయింది. ఇసుకకు బయట కొదవ లేదు.

శుక్రవారం జుమ్మా నమాజు చేసి, అన్నం తిని వచ్చాక ఆట మొదలయ్యేది. పక్క గదిలో ఉండే గోదావరి డ్రైవరు తొంగి చూసి, "పెళ్లాం పిల్లలున్నోళ్లు, ఈ బొమ్మలాటేంటండి బాబూ!" అనేవాడు. అన్న తల ఎత్తేవాడు కాదు. ఆరు రోజులు వేరేవాళ్ల బండ్లకు రంగులేసిన మనిషి, ఆ ఒక్క పూట తన కోసం వేసుకునేవాడు.

ఒకసారి సాల్మియాలో ఇలాంటి ఆటలు ఆడేవాళ్లు కలిసే బొమ్మల కొట్టు ఉందని తెలిసి, మా సైన్యాలను చెప్పుల డబ్బాల్లో సర్దుకుని బస్సెక్కాం. లోపల ఏసీ చల్లగా ఉంది. కుర్రాళ్లు మర్యాదగానే మాట్లాడారు. ఒకడు తెల్ల సైన్యాన్ని ఫోన్‌తో ఫోటో కూడా తీసుకున్నాడు. కానీ తాము కొత్త ఎడిషన్ మాత్రమే ఆడతామని, కంపెనీ బొమ్మలుంటేనే పోటీకి రానిస్తామని చెప్పారు. తిరుగు బస్సులో అన్న చెప్పుల డబ్బాను ఒళ్లో పెట్టుకున్నాడు.

"మనోళ్లకు ఇఖామా లేదంటప్పా" అన్నాడు. ఇఖామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు మధ్యలో అతనికి దగ్గొచ్చింది. మహబూలాలో దిగేదాకా ఆగలేదు.

ఆ దగ్గు అంతకుముందు నుంచే ఉంది. గ్యారేజీలో రంగు కొట్టే గది ఫ్యాను పాడై చాలా కాలమైంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని స్ప్రే కొట్టేవాడు. పొద్దున లేవగానే మంచం అంచున కూర్చుని, ఊపిరి కోసం మోకాళ్లు పట్టుకుని వంగేవాడు. క్లినిక్‌కు తీసుకెళితే డాక్టరు, రంగుల వాసన ఊపిరితిత్తులకు పడటం లేదు, ఈ పని మానెయ్యాలి అన్నాడు.

బయటికి వచ్చాక అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "ఈ మాట యాడా అనొద్దు. మెడికల్‌లో ఫెయిలైతే ఇఖామా రెన్యువల్ చెయ్యరు. ఖలాస్, ఇంటికే."

"ఇంటికే పోన్నా. పానం కంటే ఎక్కువా?"

"పోయి ఏం చెయ్యాల? నాకు వచ్చింది ఇదొకటే."

ఎవరికీ చెప్పలేదు. అతను పనికి వెళుతూనే ఉన్నాడు. శుక్రవారాల ఆట నెమ్మదించింది. బల్లకు అటువైపు నడిచి రావాలంటే ఆయాసం వచ్చేది, అతని సైన్యాన్ని కూడా నేనే జరిపేవాణ్ణి. "ఆ ఎర్రోన్ని ఇంకొంచెం ముందుకు. అంతే, నిలబెట్టు" అని మంచం మీద నుంచి చెప్పేవాడు.

ఎండాకాలం నడిమధ్యలో, పని చేస్తూ చేస్తూ గ్యారేజీలోనే కూలిపోయాడు. ఆస్పత్రిలో చేర్చారు. మూతికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు.

అతను ఆస్పత్రిలో ఉండగానే మా ఫ్లాట్ పోయింది. ఇలా గదులుగా విడగొట్టి మనుషుల్ని నింపితే మునిసిపాలిటీతో గొడవలవుతాయని బిల్డింగ్ ఓనరుకు భయం పట్టుకుంది. నేను గోడౌన్ నుంచి మధ్యాహ్నం వచ్చేసరికి ప్లైవుడ్ గోడలు విరిగి మెట్ల మీద పడున్నాయి. పరుపులు, సూట్‌కేసులు, వంట గిన్నెలు వీధిలో ఇసుకలో ఉన్నాయి. వాచ్‌మన్ మిస్రీవాడు, ఈజిప్టు మనిషి, మంచివాడే, కానీ ఆ రోజు నా మొహం చూడలేదు. "యల్లా, యల్లా" అంటూ ఓనరు మనుషుల చేత మిగతావి కూడా కిందికి దింపిస్తున్నాడు.

మా డబ్బాలు పైనుంచి విసిరేశారు. తెల్ల సైన్యం రోడ్డంతా చెదిరి ఉంది. అప్పటికే దాని మీదుగా చెత్తబండి వెనక్కూ ముందుకూ నడిచింది. మోకాళ్ల మీద కూర్చుని ఏరాను. పుట్టీ గట్టిదే కానీ పెళుసు. చీలమండల దగ్గర విరిగి, వాషర్ మీద పాదాలు మాత్రం మిగిలాయి. కొన్నిటికి తలలు లేవు. నా బోల్టులకు ఏమీ కాలేదు. బోల్టులకేమవుతుంది? కాలే ఇసుకలో చేతులు పెట్టి, ఆ ముక్కలు ఎందుకు ఏరుతున్నానో నాకే తెలియలేదు. డ్రైవరు వచ్చి నా భుజం పట్టి లేపి, "లేవండి, ఎండలో పడిపోతారు" అన్నాడు. ఆ రోజు బొమ్మలాట అని అతను వెక్కిరించలేదు.

మరునాడు ఆస్పత్రిలో అన్న అడక్కముందే చెప్పేశాను. పైకప్పు వైపు చూస్తూ విన్నాడు.

"ముదీర్ గాడూ పోయినాడా?"

"వాడూ పోయినాడన్నా."

"అట్లయితే కొంచెం మేలు" అన్నాడు. మాస్కు లోపల నవ్వాడు. ఆ నవ్వుకు మిషన్ కూత పెట్టింది. మలయాళీ నర్సు పరుగెత్తుకొచ్చి నన్ను కోప్పడింది.

ఆ తర్వాత మందుల చిన్న కప్పులతో ఆడాం. దుప్పటి ముడతలు కొండలు. శబ్దం కాకుండా పాచికలు నా టోపీలో వేసేవాణ్ణి. మేం ఆడే పాత ఎడిషన్‌లో, భయపడి పారిపోయిన దళాన్ని సేనాపతి మళ్లీ కూడగట్టుకుని వెనక్కి తెచ్చుకోవచ్చు. కొత్త ఎడిషన్‌లో పారిపోయినవాళ్లు చచ్చినట్టే లెక్కని సాల్మియా కుర్రాళ్లు చెప్పినప్పటి నుంచీ, ఆ ఒక్క నియమం కోసమే కొత్తది వద్దనేవాడు అతను. "పారిపోయినోడు సచ్చినోడితో సమానం ఎట్లయితాడు? భయం ఎవరికి లేదు?" అనేవాడు. చివరిసారి ఆడినప్పుడు అతని దళమొకటి మంచం అంచుదాకా పారిపోయింది. టోపీ ఊపి అతని ముందు పెట్టాను. అప్పటికే నిద్రలోకి జారిపోయాడు. విజిటర్లను బయటికి పంపేదాకా అలాగే కూర్చున్నాను. 

మెడికల్‌లో అన్‌ఫిట్ రాశారు. గ్యారేజీ వాళ్లు ఇఖామా రద్దు చేసి టికెట్ కొన్నారు. ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ తోసేవాడు వచ్చేదాకా నేను పక్కన నిలబడ్డాను. "నువ్వు దీంట్లో ఉండాకు, పైకి రా అప్పా" అన్నాడు. దీంట్లో అంటే ఈ బతుకులోనని అనుకున్నాను. ఇంటికి చేరాక ఆ చలికాలం దాటలేదు. ఒక శుక్రవారం అతని తమ్ముడు, అన్న పోయాడని వాయిస్ మెసేజ్ పెట్టాడు. గోడౌన్‌లో లెక్క చూస్తూ విన్నాను. ఒక పార్సెల్ మీద తప్పు స్టిక్కర్ అంటించాను. అది తీసి మళ్లీ అంటించాను.

కొన్నాళ్లకు అతని భార్య ఫోన్ చేసింది. ఎప్పుడూ మాట్లాడిన మనిషి కాదు.

"అన్నా, మీరిద్దరూ అక్కడ ఏమో ఆడేటోళ్లంట గదా. చివర్లో మత్తులో ఎర్రోన్ని ముందుకు జరుపు, ముందుకు జరుపు అనేటోడు. మాకు భయమేసింది. ఎవరన్నా ఆ ఎర్రోడు?"

చెప్పాను. పుట్టీ గురించి, ముత్యపు తెలుపు గురించి, సాల్మియా బస్సు గురించి. 

"శుక్రవారాలు ఫోన్ ఎత్తేటోడు కాదు. తాగుతాండాడేమో అనుకుంటి" అంది.

తర్వాత అసలు మాట చెప్పింది. పెద్ద కొడుకు రాయచోటిలో రంగుల షాపులో చేస్తున్నాడు. వాళ్ల నాయన పని చేసిన చోటే ఏమైనా చూడమంది.

"రంగుల పని వద్దమ్మా."

"మరి ఏం పని ఉందన్నా వానికి?"

మా గోడౌన్‌లో అడిగాను, మనుషులు అక్కర్లేదన్నారు. తెలిసిన రెండు మూడు చోట్ల అడిగాను. ఈలోగా ఆ కుర్రాడు వేరే ఏజెంటును పట్టుకుని వచ్చేశాడు. ఇప్పుడు అల్ రాయ్‌లోనే, మా వీధికి రెండు వీధుల అవతల ఒక గ్యారేజీలో స్ప్రే కొడుతున్నాడు. తండ్రి నడకే. ఫిల్టర్లున్న మంచి మాస్కు ఒకటి కొనిచ్చాను. మొన్న టీ తాగడానికి పిలుద్దామని వెళ్లి చూస్తే, మాస్కు మెడలో వేలాడుతోంది.

"పెట్టుకోరా" అన్నాను.

"ఉక్క పోస్తాండాది చిన్నాయనా" అని, తెల్లకారు తలుపు మీదికి వంగి మళ్లీ గన్ నొక్కాడు.