పిల్లికి పరామర్శ

మా పిల్లి రాణికి షుగరు ఉందని పశువుల డాక్టరు నిన్న తేల్చాడు. రోజూ ఇన్సులిన్ సూది వేయాలి, పాలు బంద్. మాకు ఫ్రిజ్ లేదు కాబట్టి మందు సీసా పక్కింటి వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టాం. తెల్లారేసరికి శ్రీరాంపూర్‌లోని మా క్వార్టర్లన్నిటికీ విషయం తెలిసిపోయింది.

ఈ రోజు నలుగురు ఆడవాళ్లు రాణిని చూడడానికి వచ్చారు. రోగి దగ్గరికి ఉత్త చేతులతో రాకూడదు కదా, ముగ్గురు బ్రెడ్డు తెచ్చారు, ఒకామె గ్లాసు నిండా చక్కెర పాలు తెచ్చింది.

మా నాన్న, బాపుకు కూడా షుగరే. డాక్టరు రాసిచ్చిన సూదికి భయపడి ఏడాదిగా తప్పించుకు తిరుగుతున్నాడు. వాళ్లు వెళ్లాక మెల్లగా అన్నాడు, "నాకు గూడ షుగరే గదా. నన్ను ఒక్కలన్న అడిగిండ్రా?"

"గా పిల్లి సూదేస్తె కదలది," అంది మా అమ్మ, అవ్వ. "నువ్వైతె పెరట్లకు ఉరుకుతవ్."

సాయంత్రం చూస్తే పాల గ్లాసు ఖాళీ. రాణి మూతి పొడిగా ఉంది. బాపు మీసం తెల్లగా ఉంది.

అవ్వ స్టవ్ మీద నీళ్లు పెట్టి, ఈ పూట రెండు సూదులు మరగబెడుతోంది.

బాపును పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు కావాలి. వచ్చేవాళ్లు దయచేసి ఉత్త చేతులతోనే రండి.