నెకులాయ్ వేసిన అతుకు

పొద్దున్నే డాన్యూబ్ నది ఒడ్డు మంచులో నడుస్తున్నప్పుడు వెల్డర్ నెకులాయ్ వేలు గాలిలో అతుకులు వేస్తుంటుంది, పెదవులు ఇంగ్లిషు మాటలు గొణుగుతుంటాయి. నార్వే ఓడల పని కోసం యాభై రెండేళ్ల వయసులో ఆరు సర్టిఫికెట్లు సంపాదించాడు. చివరి ఇంటర్వ్యూలో అతను అతికి, ఎత్తి చూపించిన ఇనుప ముక్కను చూసి, కంప్యూటర్ తెర మీది నార్వే మేనేజరు "అతుకు చాలా అందంగా ఉంది" అన్నాడు. పొగిడితే దిష్టి తగులుతుందని, నెకులాయ్ చంటిబిడ్డకు చేసినట్టే దాని మీద మూడుసార్లు తుఫ్ తుఫ్‌మన్నాడు. తన మెప్పు మీదే ఉమ్మాడనుకున్న మేనేజరు ముఖం మాడిపోయింది.

"ఆరు కోర్సులు చదివావు, నోరు అదుపులో పెట్టుకునే కోర్సు దొరకలేదా మహానుభావా?" అంది భార్య అగ్లాయా.

"ఊరుకుంటే దిష్టికి అతుకు పగిలేదే," అన్నాడు.

మర్నాడు ఉద్యోగం ఇవ్వలేమని ఉత్తరం వచ్చింది. నెకులాయ్ దాన్ని చదివి మడిచి, అతుకు మీద మెల్లగా వేలు నడిపించాడు. ఎక్కడా పగుల్లేదు.