గెర్ట్రూడ్ టీచరూ, పదిహేడో గడిలో టిక్కూ

గెర్ట్రూడ్ ఓలివేరో టీచరుకు కోపం వచ్చిందంటే మలేసియాలోని పెనాంగు రేవులో ఫెర్రీ కూడా నడి నీళ్ళలో ఆగి, తప్పు తనదేమోనని ఒకసారి వెనక్కి చూసుకునేదట. ముప్ఫై ఆరేళ్ళు కాన్వెంటులో ఇంగ్లీషు చెప్పిన మనిషి. ఊళ్ళో నలభై దాటిన ఆడవాళ్ళలో సగంమంది ఆమె చేత బెంచీ ఎక్కించుకున్నవాళ్ళే. రిటైరయ్యాక ఊరుకుందా? ప్రతి ఆదివారం పది గంటల పూజ ముగియగానే, చర్చి వెనక హాల్లో ఇంటిపనులు చేసే ఆడవాళ్ళను కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టేది. అంతా ఇండోనేసియా దీవుల నుంచి వచ్చినవాళ్ళు. వారానికి వాళ్ళకు సెలవు దొరికేది ఆ ఒక్క పూటే.

ఆమెకు నల్లబల్ల అక్కర్లేదు. గుమ్మం బయట వాళ్ళు విప్పిన చెప్పుల గుట్ట చాలు.

"క్యాన్, మస్ట్, షుడ్, మే... వీళ్ళు ఇంటి పెద్దలు. ఏ క్రియ అయినా వీళ్ళ పక్కన కూర్చోవాలంటే తొడుక్కున్నవన్నీ బయట విప్పి రావాలి. 'షీ గోస్' అంటాం. పక్కకు క్యాన్ వచ్చిందనుకో?"

"షీ క్యాన్ గో!"

"మరి ఆ చివరి సకారం ఏమైనట్టు?"

"చెప్పుల దగ్గరుంది టీచర్!" పన్నెండు మందీ నవ్వేవాళ్ళు.

"షుడ్‌కీ, చేయాల్సిన పనికీ మధ్యలో 'హావ్' వచ్చి కూర్చుంటే?"

"పని చేయి దాటిపోయినట్టు."

"అంతే. ఎవరైనా పైనుంచి పడ్డాక పేపరువాళ్ళు రాసే ఇంగ్లీషు అది. ఇలా చేసి ఉండాల్సింది, అలా జారి ఉండవచ్చు అని. ఆ ఇంగ్లీషు మీ మీద ఎవరూ రాయకూడదు."

చీనావాళ్ళ కొత్త సంవత్సరం ఇంకో పది రోజులుందనగా ఒక ఆదివారం టీచరు కొత్త పాఠం ఎత్తుకుంది. ఒక్కొక్కరూ తమకు చేతకాని పని ఒకటి చెప్పాలి. కాంట్ అనాలి. అంతే.

అందరూ తలలు వంచుకున్నారు.

"ఏమ్మా, మీకు చేతకాని పనే లేదా? ఈత రాదనండి, పామును పట్టలేననండి. ఏదో ఒకటి అనండే!"

ఫ్లోరెస్ దీవి నుంచి వచ్చిన యోసెఫినా తల వంచుకునే చెప్పింది. "ఆ మాట మాకు నేర్పలేదు టీచర్. పంపించే ముందు ఏజెన్సీలో రెండు నెలలు ఒకటే వల్లె వేయించారు. ఏది అడిగినా 'క్యాన్, మ్యామ్' అనాలని. ఇంకో మాట వస్తే ఆ పూట అన్నం అందరి తర్వాత."

ఆ పిల్ల సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. పనికి కుదిరేముందు అడిగిన ముప్ఫై ప్రశ్నలు. అన్నీ 'క్యాన్ యూ' తోనే మొదలు. మంచంపట్టిన ముసలివాళ్ళను ఎత్తగలవా? టిక్కు. తెల్లవారుజామున నాలుగింటికి లేవగలవా? టిక్కు. కుక్కకు స్నానం చేయించగలవా? టిక్కు. పదిహేడోది, కిటికీలు బయటివైపు తుడవగలవా? దానికీ టిక్కే.

"నువ్వుండేది ఎన్నో అంతస్తు?"

"పదోది టీచర్."

"పదో అంతస్తులో కిటికీ బయటికెక్కి తుడుస్తానన్నావా! బుద్ధుందా నీకు?"

"మా ఊళ్ళో మా ఇంటికి రెండే కిటికీలు. నేల మీద నిలబడితే అందుతాయి. అందుకే క్యాన్ అన్నాను."

టీచరు ఆ పదిహేడో టిక్కు మీద వేలు పెట్టింది.

"బుధవారం తుడవమన్నారు," యోసెఫినా అంది. "పండక్కి ఇల్లంతా మెరవాలట. బయట ఏసీ పెట్టె కింద జానెడు గట్టుంది, దాని మీద నిలబడాలి. భయమంటే మేడమ్ తన దగ్గరున్న దీని నకలు చూపిస్తారు. 'నువ్వే కదా అన్నావు' అంటారు."

టీచరు ముఖం మిరపపండయింది. "ముప్ఫై ప్రశ్నలు! 'చేయవచ్చా' అని ఒక్కటి లేదు. 'చేయమనవచ్చా మిమ్మల్ని' అని ఒక్కటి లేదు. మనిషిని అడిగారా, కొనబోయే మిక్సీని అడిగారా? ఎవరే ఆ మేడమ్?"

"మేడమ్ ఖూ స్యూ హూన్."

"స్యూ హూనా! చదివింది నా దగ్గరేనే!"

బుధవారం పొద్దున్నే టీచరు గొడుగు పట్టుకుని బస్సెక్కింది. లిఫ్టు దిగి తలుపు కొట్టేసరికి మేడమ్ ఖూ పండక్కి పైనాపిల్ టార్టులు, అంటే పైనాపిల్ పూర్ణం పెట్టిన బిస్కెట్లు, చేస్తోంది. పిండి చేతులతోనే నిటారుగా నిలబడింది.

"గుడ్ మార్నింగ్, టీచర్!"

"కూర్చో. బాగా ఒళ్ళు చేశావే. ప్రశ్నలడుగుతాను, జవాబు చెప్పు." ఆదివారం యోసెఫినా దగ్గర తీసుకున్న కాగితం బయటపెట్టి ఎర్ర పెన్సిలు చెక్కింది. "తెల్లవారుజామున నాలుగింటికి లేవగలవా?"

"క్యాన్, టీచర్."

పెనాంగులో ఎవరినేం అడిగినా ముందు ఆ మాటే వస్తుంది. మెకానిక్కు బండి చూడకుండానే క్యాన్ అంటాడు, దర్జీ గుడ్డ చూడకుండానే అంటాడు. మేడమ్ ఖూ పదహారు ప్రశ్నలకూ అన్నది. పదిహేడోదానికీ అలవాటు కొద్దీ అనేసింది.

టీచరు లేచి కిటికీ బార్లా తెరిచింది. గాలికి బల్లమీద మైదాపిండి లేచింది. కింద కార్లు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి.

"ఎక్కు."

"నేనెందుకెక్కుతాను టీచర్? జీతమిచ్చి మనిషిని పెట్టుకున్నది ఎందుకు?"

"జీతం మాట నేనడగలేదు. చేయగలవన్నావు కదా. ఇదిగో టిక్కు."

మేడమ్ ఖూ ముఖం బిగుసుకుంది. "మీరు పెద్దవారు కాబట్టి ఊరుకుంటున్నాను. దానికి అలవాటుంటుంది, కొండల్లో పెరిగిన పిల్ల."

"కొండల్లో పెరిగితే? పడితే నేల దానికి పరుపు పరుస్తుందా?"

"అది నా ఇంటి సంగతి!" మేడమ్ ఖూ వంటింటి గుమ్మంలో నిలబడ్డ యోసెఫినా వైపు తిరిగింది. "నువ్వే చెప్పు. చేయగలవా, లేదా? లేదంటే ఇప్పుడే ఏజెన్సీకి ఫోన్ చేస్తాను. రేపు పడవెక్కుదువుగాని."

టీచరు నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. వేరేవాళ్ళ జవాబు తను చెప్పకుండా ఆగడం ఆమె జన్మలో అదే మొదటిసారి. గొడుగు పిడి విరిగేలా పట్టుకుంది.

యోసెఫినా చేతిలో తడిగుడ్డ నీళ్ళు కారుతోంది. "చేయగలను మేడమ్. కాళ్ళూ చేతులూ ఉన్నాయి. కానీ చేయకూడదు. చేయను." గుడ్డ బకెట్టులో పడేసింది. "లోపలివైపు మీ ముఖం కనిపించేలా తుడుస్తాను. బయటికి తాళ్ళు కట్టుకుని దిగేవాళ్ళను పిలిపించండి. నాకు ఆరేళ్ళ కూతురుంది."

"నా ఇంట్లో నన్నే నిలదీస్తున్నావా? అలాగా! నెలాఖరుకు చూద్దాం నీ సంగతి."

కిటికీ దగ్గర నిలబడ్డ టీచరు మళ్ళీ వచ్చి కూర్చుంది. "అలాగే, చూద్దాం. నేనూ చూస్తాను. నెలాఖరు దాకా ఇక్కడే కూర్చుంటాను. ఆ టార్టులు ఇలా పెట్టు."

ఆమె నెలాఖరు దాకా కూర్చోలేదు గానీ సాయంత్రం నాలుగు దాకా కదల్లేదు. ఎనభై ఏడు టార్టులు తినేసిందని మేడమ్ ఖూ ఊరంతా చెప్పింది. పన్నెండేనని యోసెఫినా అంటుంది. మొత్తానికి పళ్ళెం ఖాళీ అయింది. మళ్ళీ చేయాలంటే ఇంట్లో పైనాపిల్ లేదు. ఎదురుగా ఎర్ర పెన్సిలు పట్టుకున్న టీచరు, యోసెఫినా టిక్కులు పెట్టిన ఆ కాగితంలోని ప్రతి ప్రశ్న కిందా గీతలు గీస్తూ, "సిగ్గు లేదూ! సిగ్గు లేదూ!" అని పైకే అంటోంది.

నాలుగున్నరకు మేడమ్ ఖూ ఫోను తీసింది, ఏజెన్సీకి మాత్రం కాదు. తాళ్ళవాళ్ళు పండగ రేటని రెట్టింపు అడిగారు. పళ్ళు కొరుక్కుంటూ సరేనంది.

శుక్రవారం ఇద్దరు మగవాళ్ళు నడుముకు మూడేసి తాళ్ళు బిగించుకుని పై నుంచి దిగారు. యోసెఫినా లోపల, నేల మీద నిలబడి వాళ్ళకు బకెట్టు అందించింది.