పదో ముద్ర

మొన్న శనివారం పొద్దున మోకాళ్ళకి నూనె మర్దనా చేసుకుంటూ కూర్చుని ఉండగా, మా ఊరు నోవైకి ముప్పావుగంట దూరంలో ఉన్న స్కీ కొండ మేనేజరు ఫోన్ చేశాడు. కొండ అన్నానని మీరు హిమాలయాల్ని ఊహించుకునేరు. మిషిగన్‌లో మా వైపు కొండలంటే కాస్త ఎత్తయిన దిబ్బలే, వాటి మీద సగం మంచు ఆకాశం కురిస్తే సగం యంత్రాలు చిమ్ముతాయి. పిల్లలకి నేర్పే ఇన్‌స్ట్రక్టర్లు ఇద్దరే మిగిలారట, ఇంకొక్కరైనా దొరక్కపోతే ఈ చలికాలం స్కీ స్కూలు తెరవరట, స్కూలు లేకపోతే కొత్తగా నేర్చుకునేవాళ్ళ వాలు కూడా మూసేస్తారట. అన్నేళ్ళు అంతమందికి నేర్పారు కదా, అందులో ఒక్కరు రారా అని అడిగాడు. రాకేం, వారంలో చెప్తానని పెద్ద ధీమాగా మాటిచ్చాను.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మనకి మంచు అంటే కారు అద్దం మీద గీకాల్సిన పని, ఇంటి ముందు పారతో ఎత్తిపోయాల్సిన బరువు, అంతే. బ్రేకులు పరీక్షించే కంపెనీలో నాతో పనిచేసే ఒకావిడ బలవంతాన ఆ కొండకి లాక్కెళ్ళకపోతే నేనూ అలాగే ఉండిపోయేదాన్ని. అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు. నాకు నేర్పింది ఒక అమెరికన్ పెద్దావిడ, స్కూలు బస్సు నడిపి రిటైరయిన మనిషి. మా పంతులమ్మ అనే అంటాను. మొదటి పూటంతా ఆవిడ నాకు పడడమే నేర్పింది, పక్కకి ఎలా ఒరగాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, నవ్వొస్తే ఆపుకోకుండా ఎలా లేవాలో. ఒళ్ళంతా హూనమైపోయినా మళ్ళీ ఎప్పుడు రమ్మంటారని అడిగాను. ఆవిడ మెచ్చుకోలేదు, గోడ మీది టైములు చూపించిందంతే. నాలుగేళ్ళకి నేనూ ఇన్‌స్ట్రక్టర్ల ఎర్ర కోటు వేసుకుని శనాదివారాలు ఆవిడ పక్కన నిలబడి నేర్పడం మొదలుపెట్టాను.

ఈలోగా మా ఊళ్ళో మనవాళ్ళు పెరిగారు. పిల్లల్ని మంకీ క్యాపులతో దింపి, ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని కంచె అవతల నిలబడే తల్లిదండ్రులది ఒకటే ప్రశ్న, ఎన్ని క్లాసుల్లో అయిపోతుందని. ఆ ప్రశ్నకి చిరాకు పడాల్సిందాన్ని, జవాబు తయారుచేశాను! పది గళ్ళున్న అట్ట కార్డు ఒకటి అచ్చు వేయించాను. స్కీలని ముందువైపు దగ్గరచేసి ఆగడానికి (మిగతా పిల్లలకి అది పిజ్జా, మా వాళ్ళకి నేను పెట్టిన పేరు సమోసా) ఒక ముద్ర, మలుపు తిరిగితే ఒకటి, అన్నిటికన్నా ఎత్తు వాలు మీంచి ఎక్కడా ఆగకుండా దిగితే పదోది. పదీ అయితే వెనకవైపు 'కంప్లీటెడ్' అని రాసి సంతకం పెట్టేదాన్ని. ఇంక చూడండి, మనవాళ్ళు కార్లకి కార్లు దిగారు, కేఫెటేరియా అంతా పులిహోర ఘుమఘుమలే. పంతులమ్మ ఆ కార్డుని అటూ ఇటూ తిప్పి, పదో గడి తర్వాత వీళ్ళేం చేస్తారని అడిగింది. ఏం చేస్తారు, స్కీయింగ్ చేస్తారు అని నవ్వేశాను.

మా పక్కింటివాళ్ళ రెండో అమ్మాయికి మాత్రం కార్డు లేకపోయినా ఫరవాలేదు. ఏడేళ్ళప్పుడు ఏడుస్తూ వచ్చి, ఆ సాయంత్రం వెళ్ళనని ఏడ్చిన పిల్ల. పధ్నాలుగో ఏట పదో ముద్ర కోసం పైనుంచి బయల్దేరింది. వాళ్ళమ్మ కింద ఫోన్ పట్టుకుని వీడియో తీస్తోంది. సగం దూరం చక్కగా వచ్చి టక్కున ఆగిపోయింది. అక్కడ ఎవరి పిల్లో అయిదేళ్ళది పడిపోయి, లేవలేక ఏడుస్తోంది. మా పక్కింటి అమ్మాయి మంచులో చతికిలబడి దానితో ఏవో కబుర్లు చెప్పింది, ఊడిన స్కీ తొడిగింది, తర్వాత తను వెనక్కి వెనక్కి జారుతూ ఆ పిల్ల స్కీల కొసలు రెండు చేతులతో పట్టుకుని కిందిదాకా తీసుకొచ్చింది. అలా దింపడం ఎవరూ దానికి నేర్పలేదు. అయిదేళ్ళది కిందికి రాగానే మళ్ళీ పైకెళ్దామని గెంతింది.

అప్పుడు నేనేం చేశానంటారా, మధ్యలో ఆగావు కాబట్టి ఇది లెక్కలోకి రాదు, పైకి తీసుకెళ్ళే లిఫ్టు ఇంకాసేపట్లో ఆపేస్తారు, తొందరగా వెళ్ళి మళ్ళీ దిగు అన్నాను. అది చేసిన పనికి నా కార్డులో గడి లేదు మరి. పాపం వెళ్ళింది, ఆగకుండా దిగింది, ముద్ర కొట్టించుకుంది. పంతులమ్మ ఆ పిల్ల పేరు అడిగి తన చిన్న డైరీలో రాసుకుంది. పై వారం ఏదీ ఆ అమ్మాయి అని అడిగింది, ఆ పై వారమూ అడిగింది. పంతులమ్మ కొండకి రాలేనంత ముసలిదయ్యేదాకా ప్రతి చలికాలం మొదట్లో ఒకసారి అడుగుతూనే ఉండేది. ఆ అమ్మాయి మళ్ళీ రాలేదు.

ఈ వారమంతా నా పాత శిష్యులందరికీ ఫోన్లు చేశాను. ఎంత ఆప్యాయంగా మాట్లాడారో! ఒకడు ఎక్కడో దక్షిణాన కమ్మింగ్‌లో ఇల్లు కొనుక్కున్నాడు, అక్కడ మంచే లేదు. ఇంకొకామెకి శనాదివారాలు పిల్లల పోటీ పరీక్షల క్లాసులు. ఆఖరికి పక్కింటి అమ్మాయికి చేశాను. అది ఇప్పుడు కొండకి ఇరవై నిమిషాల దూరంలోనే ఉంటోంది. వెనక్కి జారుతూ ఆ పిల్లని దింపిన రోజు గుర్తుందా అని అడిగాను.

"లేదాంటీ, ఐ డోంట్ రిమెంబర్. బట్ నేను స్కీయింగ్ కంప్లీట్ చేసేశా కదా! టెన్ స్టాంప్స్ వచ్చినయ్, అమ్మ ఫ్రేమ్ కూడా చేయించింది. యాక్చువల్లీ మా పాపని పంపుదాం అనుకుంటున్నా, ఇన్‌స్ట్రక్టర్ దొరికితే చెప్పండి ఆంటీ."

సరేనమ్మా అన్నాను. మేనేజరుకి ఫోన్ చేసి ఎవరూ లేరని చెప్పాను. ఆయన, ఈ మధ్య చలికాలాలే సరిగ్గా ఉండట్లేదులెండి అన్నాడు. అందరూ అదే అంటారు, అందులో నిజమూ లేకపోలేదు. కానీ మంచు బాగా పడ్డ ఏళ్ళలో కూడా నా దగ్గర కార్డు నిండినవాళ్ళు వెనక్కి రాలేదని నాకు తెలుసు. అంతమందికి కొండ దిగడం నేర్పాను. పంతులమ్మ ఒక్క పూటలో నాకు పట్టించిన పిచ్చిని నేను ఒక్కరికీ పట్టించలేకపోయాను, ఒకరికి దానంతటదే పట్టుకుంటే నా చేతులతో వదిలించాను. ఇప్పుడు దిద్దుకుందామన్నా ఈ మోకాళ్ళతో పైకెక్కలేను, ఎక్కినా కింద నేర్చుకునేవాళ్ళు ఉండరు.

రాత్రి ఆ అమ్మాయి వాట్సాప్‌లో కార్డు ఫోటో పంపింది, చూసి సంతోషిస్తానని. పది మంచుపూల ముద్రలూ ఇంకా చెక్కుచెదరలేదు. కార్డుని ఫ్రేములోంచి తీసి వెనకవైపు కూడా ఫోటో తీసింది పిచ్చిపిల్ల. కంప్లీటెడ్ అని పెద్ద పెద్ద అక్షరాలు, కింద నా సంతకం.