చెరువు గట్టు మీద నల్ల తుపాకీ

నిన్న మా వీధిలోకి మైకు కట్టిన ఆటో వచ్చింది. ఎన్నికలు కదా, తుపాకులున్న వాళ్లు స్టేషన్లో అప్పజెప్పాలట. మన వీధిలో కొబ్బరికాయలు దింపే కత్తులు తప్ప ఏమున్నాయని ఎదురింటావిడ నవ్వింది. నేనూ నవ్వి లోపలికి వచ్చాను గానీ, పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. మా చెల్లెలి కొడుకు గుర్తొచ్చాడు.

వాడికి అప్పుడు ఇరవయ్యేళ్లుంటాయి. ముమ్మిడివరం దగ్గర, మా ఇంటి వెనకే ఉన్న రొయ్యల చెరువుకి కాపలా. కాపలా అంటే పిట్టల్ని తోలడం. నీటికాకులు మునిగాయంటే రొయ్య మిగలదు. అందుకని ప్లాస్టిక్ గొట్టంతో ఒక తుపాకీ చేసుకున్నాడు. లోపల గుండు ఉండదు, కార్బైడు వేసి పేలిస్తే ఉత్త చప్పుడూ పొగా. చెరువుల మీద కుర్రాళ్లందరి దగ్గరా అలాంటివే ఉంటాయి. మావాడు మాత్రం దానికి నల్లరంగు వేసి, భుజానికి తగిలించుకుని, ఫోటో దిగి ఫోన్లో అందరికీ పెట్టాడు. మా ఆయన పోయాక నా ఇంట్లో రెండో కంచం వాడిదే. మధ్యాహ్నం గట్టు దిగి వచ్చి, "ముక్కలన్నీ నువ్వే తినేసేవా ఏంటి దొడ్డమ్మా?" అంటూ పులుసు గిన్నె మూత తీసేవాడు.

ఆ ఫోటో చూసి ఎవరు చెప్పారో, ఒకరోజు భోజనం వేళకి పోలీసు జీపు వచ్చింది. నేను పెరట్లోంచి చూస్తుండగానే ఎస్సైగారు, ఇద్దరు కానిస్టేబుళ్లు గట్టెక్కారు. దాన్ని కింద పడెయ్యమని దూరం నుంచే అరిచారు. మావాడు పడెయ్యలేదు. "ఉత్త చప్పుడేనండీ, చూడండి" అంటూ, పిట్టల్ని తోలినట్టే పైకెత్తి పేల్చాడు. ఒక కానిస్టేబులు జారి బురదలో కూర్చుండిపోయాడు. ఇప్పుడైతే నవ్వొస్తుంది. అప్పుడు నేను చూసింది ఎస్సైగారి చేతిలోని అసలు తుపాకీని. అది వాడి గుండెకి సూటిగా ఉంది. వాడేమో పొగలో గొట్టం పట్టుకుని ఇంకా నవ్వుతున్నాడు.

ఆయన కాల్చలేదు. గొంతు తగ్గించి, "అన్నం తిన్నావా బాబూ?" అన్నారు.

"ఇంకా లేదండీ."

"అయితే దాన్ని మెల్లిగా గడ్డి మీద పెట్టు. తిందువుగాని."

"ఆయ్, పెడతానండీ." వంగి గొట్టాన్ని గడ్డి మీద పెట్టాడు.

స్టేషన్‌కి తీసుకెళ్లి, సాయంత్రం కేసు లేకుండా, నా పూచీ మీద వదిలారు. సంతకం పెట్టమన్నారు. ముసలితనంలో నేర్చిన అక్షరాలు, సగం పేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది. వేలిముద్ర వేసేస్తానన్నాను. "పర్లేదు రాయండమ్మా" అని ఆయన ఎదురుగా కూర్చున్నారు. కాసేపటికి, "మా అబ్బాయిదీ ఇదే ఈడండీ. ఆ పొగలో నాకేం కనబడలేదు. ఇంకొంచెంలో ట్రిగ్గర్ నొక్కేద్దునండీ" అన్నారు, నావైపు చూడకుండా.

తరవాత చెరువాయన పిట్టలు దిగకుండా చెరువు పైన వల కట్టించాడు. కాపలా పని పోయి మావాడు రాయవరం వైపు రైసుమిల్లులో పనికి వెళ్లాడు, అక్కడే పెళ్లి చేసుకున్నాడు. పండక్కో పబ్బానికో ఫోన్ చేస్తాడు. బతికున్నాడు, అది చాలనుకుంటాను. ఆ గట్టు మీద ఎస్సైగారు ఆగింది రెప్పపాటు, అందులోంచే వాడికి ఇన్నేళ్లు వచ్చాయి. నాకు మాత్రం మధ్యాహ్నాలు మరీ పొడుగైపోయాయి.